దడికి కాసే పంట

కొత్తగా లేచే కాలనీల్లో ఇళ్ల ముందు, అపార్ట్‌మెంట్ల ప్రహరీల వెంట, రోడ్డు డివైడర్ల మీద ఇప్పుడు కనబడే మొక్కల రకాలు చాలా తక్కువ. పసుపు ఆకుల డురాంటా, ఎర్రాకుల అకాలిఫా, నిన్న మొన్నటిదాకా కోనోకార్పస్. హైదరాబాదులో చూసినా, విజయవాడలో చూసినా, అనంతపురంలో చూసినా అవే. నేలలు వేరు, వానలు వేరు, దడి మాత్రం ఒక్కటే. వీటికి వేసవంతా నీళ్లు పెట్టాలి, కత్తెర పట్టే మనిషికి ఏడాది పొడుగునా కూలి ఇస్తూ ఉండాలి. ఇంత చేసినా వాటి నుంచి ఇంట్లోకి వచ్చేది ఏమీ లేదు. దడి అంటే అందానికీ అడ్డానికీ వేసుకునేది, దాన్నుంచి ఇంకేం ఆశిస్తాం అని చాలామంది అనుకుంటారు. ఆ అనుకోవడం దగ్గరే నాకు పేచీ. ఇంటి చుట్టూ వేసే మొక్క కంటికి బాగుండాలి, నీళ్లు తక్కువ అడగాలి, పశువును ఆపాలి, ఏడాదికి ఒక్క కారులోనైనా వంటింటికి పనికిరావాలి. ఈ నాలుగు పనులూ చేసే పొద మన నేలలోనే పుట్టి, మన నాలుకకు తెలిసి, మన పెరటికి మాత్రం దూరమైంది. అది వాక. దాని కాయే వాక్కాయ. దాన్ని తిరిగి దడిలోకి తెచ్చుకోవాలన్నది నా వాదన.

మొక్కను కాస్త దగ్గరగా చూద్దాం. వాక గన్నేరు కుటుంబానికి చెందిన పొద. వదిలేస్తే రెండు మూడు మీటర్లు లేస్తుంది, కొమ్మలు కత్తిరిస్తూ ఉంటే నడుము ఎత్తున, భుజం ఎత్తున ఎక్కడ కావాలంటే అక్కడ నిలుస్తుంది. ఆకులు మందంగా, నున్నగా, ముదురు పచ్చగా ఎదురెదురుగా ఉంటాయి. ఎండాకాలంలో కూడా పొద పచ్చగానే ఉంటుంది. కొమ్మ కణుపుల దగ్గర జంటగా ముళ్లు, కొన్ని మొన దగ్గర చీలి ఉంటాయి. చలి తగ్గే రోజుల నుంచి వేసవి మొదటి దాకా కొమ్మల చివర గుత్తులుగా తెల్లని పూలు పూస్తాయి. అయిదు రేకులు, సన్నని గొట్టం, మల్లె జాతిని తలపించే వాసన. తర్వాత కాయ. అసలు అందం అక్కడే మొదలవుతుంది. లేత కాయ పాలిపోయిన పచ్చగా ఉండి, ఎండ తగిలిన వైపు ముందుగా గులాబీ జీర పడుతుంది. ఆ గులాబీ మెల్లగా ఎరుపై, ఎరుపు ముదిరి, చివరికి నలుపు తిరిగిన ఊదా అవుతుంది. ఒక గుత్తిలో కాయలన్నీ ఒకేసారి పండవు కనుక తెలుపు, గులాబీ, ఎరుపు, నలుపు ఒకే రెమ్మ మీద పక్కపక్కనే కనబడతాయి. తొడిమ దగ్గర గిల్లితే చిక్కని పాలు బొట్టుగా నిలుస్తాయి. పూల కోసమో ఆకుల రంగు కోసమో డబ్బు పోసి కొనే ఏ మొక్కలోనూ ఇన్ని నెలల పాటు ఇన్ని రంగులు మారవు. అయినా అలంకరణ మొక్కల జాబితాలో వాక పేరు ఎవరూ రాయరు, తినేదానికి అందం ఉండదన్నట్టు.

కంచెగా దీనికి ఉన్న చరిత్ర చిన్నది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టకుండా ఆపడానికి బ్రిటిషు పాలకులు ఉత్తరాన సింధు నది ప్రాంతం నుంచి ఒరిస్సా వైపు దాకా రెండు వేల మైళ్లకు పైబడిన సుంకపు సరిహద్దు ఒకటి గీశారు. దాని వెంట మొదట ఎండు ముళ్లకంప పరిచారు. కంపను చెదలు తిన్నాయి, గాలివానలు ఎగరేశాయి, నిప్పు కాల్చింది. ఏటేటా మళ్లీ మోసుకొచ్చి పేర్చాల్సి వచ్చింది. 1867 నుంచి 1870 దాకా ఆ సుంకాల శాఖ కమిషనరుగా ఉన్న ఏ.ఓ. హ్యూమ్, అంటే తర్వాత 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న ఆయనే, ఎండు కంప బదులు బతికున్న కంచె వేయించడానికి పూనుకున్నాడు. ఏ నేలకు ఏ ముళ్లమొక్క సరిపోతుందో పరీక్షలు చేయించాడు. అలా ఎంపికైనవి తుమ్మ, రేగు, వాక, నాగజెముడు, బొమ్మజెముడు. కొన్ని చోట్ల ఆ కంచె పన్నెండు అడుగుల ఎత్తుకు పెరిగింది. 1879లో ఆ సరిహద్దును ఎత్తేశారు, కంచె క్రమంగా మాయమైంది, 2001లో రాయ్ మాక్సమ్ అనే రచయిత దాని మీద పుస్తకం రాసేదాకా జనం మరిచే పోయారు. పేదవాడికి పన్ను లేని ఉప్పు అందకుండా చేయడానికి వేసిన కంచె అది, దాని ఉద్దేశాన్ని ఎవరూ మెచ్చుకోలేరు. కానీ బీద నేలల్లో, మండే ఎండల్లో, చూసేవాళ్లు తక్కువైన చోట మనుషులనూ పశువులనూ ఆపగల మొక్క ఏదని ఒక ప్రభుత్వం తన సొంత ఆదాయం కోసం వెతికినప్పుడు తేలిన నాలుగైదు పేర్లలో వాక ఉంది. దీనికంటే నమ్మదగిన సాక్ష్యం నాకు కనబడదు. మన రైతులకు ఈ సాక్ష్యం కూడా అక్కర్లేదు. చేను గట్ల మీద వాకను వదిలేసిన పాతవాళ్లకు అది మేకకు లొంగదని తెలుసు.

వంటింటి సంగతికి వస్తే, తెలుగువాళ్ల పులుపుకు ఒక క్యాలెండరు ఉంది. వేసవిలో మామిడికాయ, కార్తీకంలో ఉసిరి, చలికాలంలో పచ్చి చింతకాయ, ఎండలు మొదలయ్యేసరికి చింతచిగురు. మామిడి అయిపోయి ఉసిరి రాని నడుమ, ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలో బండ్ల మీదికి వచ్చేది వాక్కాయ. కందిపప్పు విడిగా ఉడికించి, వాక్కాయలను నిలువుగా చీల్చి, గింజలు తీసి, ఉప్పునీళ్లలో కడిగి జిగురు పోగొట్టి, విడిగా మగ్గించి పప్పులో కలుపుతారు. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు. పచ్చిమిర్చితో రోటిపచ్చడి, ముక్కలతో నిల్వ పచ్చడి, చింతపండు వేయని పులిహోర, రొయ్యల్లో వేసే పులుపు, ఇవన్నీ దీనితో అవుతాయి. పూర్తిగా పండిన కాయ తీపి పులుపుల మధ్య ఉంటుంది, పిల్లలు ఊరికే తింటారు. పచ్చి కాయలో పెక్టిన్ ఎక్కువ కనుక జెల్లీ బాగా గడ్డకడుతుంది. ఇందులో ఇనుము ఉందనీ రక్తహీనతకు మందనీ ఈ మధ్య ప్రచారం జోరుగా సాగుతోంది. అన్నంలో ఒక చెంచా పచ్చడిగా తినే పదార్థాన్ని మందుగా చూపడం నాకు నచ్చదు. రుచి కోసం తినదగిన కాయ అన్న కారణం చాలు. ఇంకో మాట. చింతచెట్టు నీడన ఒక ఇల్లు పడుతుంది, మామిడికి పాతిక ముప్పై అడుగులు వదలాలి. నూట యాభై, రెండు వందల గజాల స్థలంలో కట్టుకున్నవాళ్లకు సొంత పులుపు అన్నది అసాధ్యమైపోయింది. ఆరడుగుల జాగాలో, చివరికి మేడ మీద పెద్ద కుండీలో కూడా పులుపు కాసే మొక్క వాక. ఎదిగిన పొద ఒకటి ఏటా మూడు నుంచి అయిదు కిలోల కాయ ఇస్తుంది. ఒక కుటుంబానికి అది సరిపోగా ఇరుగుపొరుగుకు మిగులుతుంది.

మరి ఇంత పనికొచ్చే మొక్క ఎందుకు వెనకబడింది? మొక్కలను మనం మూడు గదుల్లో పెట్టేశాం. పూలమొక్కలు ముందు వాకిట్లో, కూరలూ పళ్లూ పెరట్లో లేదా పొలంలో, ముళ్ల పొదలు ఊరవతల బీడులో. వాక ఈ మూడు గదుల్లో దేనిలోనూ ఇమడదు. తోటల శాఖ దాన్ని చిన్న పంటగా చూస్తుంది, నర్సరీవాళ్లు ముళ్ల చెట్టుగా చూస్తారు, ఇల్లు కట్టుకున్నవాళ్లు అడవి కాయగా చూస్తారు. ఆ చూపు ఎంత తప్పో కేకు మీద ఉన్న చెర్రీ చెబుతుంది. మన బేకరీల్లో కేకుల మీద, కిళ్లీల్లో, బన్నుల్లో మెరిసే ఎర్రటి చెర్రీ చాలా వరకు వాక్కాయే. గింజ తీసి, సహజమైన రంగు పోగొట్టి, చక్కెర పాకంలో ఊరబెట్టి, ఎర్ర రంగు పట్టించి అమ్ముతారు. చెట్టు మీద సహజంగా ఉన్న ఎరుపును చెరిపి, దాని మీద డబ్బా రంగు పూసి, పరాయి పండు పేరు పెట్టి అలంకరణకు వాడుతున్నాం. అలంకరణకు పనికొస్తుందని మనమే ఒప్పుకున్నట్టు కదా?

దీనికి మొదట వచ్చే అభ్యంతరం తీరైన ఆకారం గురించి. డురాంటాను గోడలా సమంగా కత్తిరించవచ్చు, వాక అలా ఉండదు, కొమ్మలు అడ్డదిడ్డంగా పోతాయి అంటారు. ఇందులో నిజం ఉంది, దాన్ని దాచిపెట్టి మొక్కను అంటగట్టడం మంచిది కాదు. వాకకు పూత కొత్త కొమ్మల చివర్లలో వస్తుంది. నెలకోసారి పైనా పక్కలా కత్తెర వేస్తే ఆ చివర్లన్నీ నేలపాలవుతాయి, పొద పచ్చగానే ఉంటుంది గానీ కాయ కాయదు. చాలా చోట్ల వాక దడి వేసి కాయలేదని తీసేయడానికి ఇదే కారణం. కాబట్టి కోతలు అయిపోయిన తర్వాత, వానాకాలం చివర ఒక్కసారి ఎత్తు తగ్గించి, లోపలి ఎండు కొమ్మలు తీసి, ఆ తర్వాత కాయ కోసేదాకా కత్తెర దాచేయాలి. గోడలాంటి చదును రాదు, గుబురైన పొదల వరుస వస్తుంది. ఆ చదునే అందమన్న అభిప్రాయం మనకు దొరల బంగళాల నుంచి వచ్చింది. మన పెరళ్లలో మందారం, కరివేపాకు, నందివర్ధనం ఎప్పుడూ తమ తీరున తామే పెరిగాయి, వాటిని అందవికారమని ఎవరూ అనలేదు. పైగా ఏడాది పొడుగునా పెట్టే కత్తిరింపు కూలి ఒక్కసారికి తగ్గడం చిన్న లాభం కాదు. పొట్టిగా, గుబురుగా ఉండే రకాలు కావాలన్న కోరిక మాత్రం న్యాయమైనదే. వాకకు దగ్గరి చుట్టం ఒకటి దక్షిణాఫ్రికాలో ఉంది, నేటాల్ ప్లమ్ అంటారు. దాన్నుంచి అమెరికావాళ్లు గ్రీన్ కార్పెట్, బాక్స్‌వుడ్ బ్యూటీ అన్న పేర్లతో పొట్టిగా ఉండే రకాలు ఎంచుకుని తోటల్లో పరిచారు. మన దగ్గర పంత్‌నగర్ విశ్వవిద్యాలయం పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అన్న రకాలు ఇచ్చింది, కొంకణ్‌లో కొంకణ్ బోల్డ్ వచ్చింది. అవన్నీ కాయ రంగు, పరిమాణం, దిగుబడి చూసి ఎంచినవి. ఇంటి ముందు దడికి తగిన పొట్టి రకం కోసం మన ఉద్యాన విశ్వవిద్యాలయాలు వెతకాలి. మన గుట్టల మీదే కలివి అని, కలిమి అని పిలిచే చిన్న కాయల జాతి కూడా ఉంది, అది సహజంగానే పొట్టిది. మొదలుపెట్టడానికి సరుకు మన చేతిలోనే ఉందన్న మాట.

ముళ్ల సంగతి దీనికంటే గట్టి అభ్యంతరం. ముల్లు గుచ్చుకుంటే నొప్పి నిజమే, పసిపిల్లలు పరుగులు తీసే దారి పక్కన వాకను వేయకూడదు. నడిచే బాటకు మూడు నాలుగడుగులు వదిలి, ప్రహరీ వైపు వేయాలి. ఆడుకునే పార్కు నడుమ వేయమని నేనూ అనను. కానీ కంచె పని ముల్లు పనే. గోడ మీద గాజు పెంకులు గుచ్చుతున్నాం, ముళ్లతీగ చుడుతున్నాం, వాటికి రాని అభ్యంతరం మొక్క ముల్లుకు రావడం సమంజసం కాదు. కాయ కోసేటప్పుడు మందపాటి చేతొడుగు వేసుకుంటే సరిపోతుంది. ఇక పాల మాట. గన్నేరు కుటుంబం అనగానే విషం గుర్తుకొస్తుంది, పచ్చగన్నేరు గింజ ప్రాణం తీస్తుందని మనకు తెలుసు. వాక్కాయ అలాంటిది కాదు, తరతరాలుగా తింటున్న కాయ. కాయ తప్ప మిగతా భాగాలను వంటలోకి తేకూడదు, పచ్చికాయ జిగురును కడిగి తినాలి, అంతవరకే జాగ్రత్త. ఇంతకీ విషం భయం ఉన్నవాళ్లు ముందు చూడవలసింది తమ డురాంటాను. గుత్తులుగా వేలాడే దాని పసుపు కాయలు తింటే పిల్లలకు ప్రమాదం. పిల్లల చేతికి అందే ఎత్తులో విషపు కాయ ఉన్న మొక్కను పెంచుతూ, తినే కాయ ఉన్న మొక్కను ప్రమాదమని వద్దనడం నాకు అర్థం కాదు.

దేశీ మొక్క అన్న మాటకే కొందరు ఎదురు చెబుతారు. మిరపకాయ అమెరికా నుంచి వచ్చింది, చింత ఆఫ్రికాది అంటారు, ఆ రెండూ లేకుండా మన వంట ఉందా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. పుట్టిన చోటును బట్టి మొక్కకు మర్యాద ఇవ్వాలని నేను అనడం లేదు. మిరప మన దగ్గర పని చేసి తన చోటు సంపాదించుకుంది. ఆ కొలతనే దడి మొక్కలకూ పెట్టమంటున్నాను. కోనోకార్పస్ ఆ కొలతకు నిలవలేదు. వేళ్లు పైపుల్లోకి చొరబడుతున్నాయని, పుప్పొడితో ఇబ్బందులని ఫిర్యాదులు పెరిగి, 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడమే నిషేధించింది. వాక ఈ రుతువులకు పుట్టింది. వేసవిలో నీళ్లు లేకపోయినా ఆకు రాల్చదు, తొలకరికి కాయ ముదురుతుంది, పిగిలి పిట్టలు పండు తిని గింజను మరో చోట వేస్తాయి. ఇలాంటి ముళ్ల పొదలను ఆనుకుని బతికిన పిట్టల్లో ప్రపంచంలో మరెక్కడా లేనిది ఒకటి ఉంది. 1848లో శాస్త్రం పేరు పెట్టిన కలివికోడి, 1900 తర్వాత కనబడక అంతరించిందని అనుకున్నది, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర పొదల్లో మళ్లీ దొరికింది. ముళ్ల పొదలూ, వాటి మధ్య ఖాళీ నేలా ఉన్న చోటే దాని ఇల్లు, అక్కడి కలివి పొదల పేరే దానికి వచ్చింది. ఇంటి ముందు వాక వేస్తే కలివికోడి వస్తుందని ఎవరికీ ఆశ పెట్టను, అది రాదు. కానీ పొదలున్న నేలను బీడు అని, కంప అని, పనికిరానిదని కాగితాల మీద రాసి తవ్వేసే అలవాటు పోవాలంటే ఆ పొదల్లో ఒకదానినైనా జనం ఇష్టపడి పెంచాలి. తెలిసిన మొక్క మీద ఉండే మమకారం తెలియని మొక్క మీద ఉండదు.

పెంచడంలో కష్టం తక్కువే గానీ ఓపిక కావాలి. గింజ నుంచి పెంచితే మొదటి ఏడు పెరుగుదల చాలా నెమ్మది, కాపు మూడో ఏటి నుంచి మొదలవుతుంది. డురాంటా ఆరు నెలల్లో దట్టమవుతుంది, వాకకు మూడేళ్లు పడుతుంది. ఆ తర్వాత మాత్రం చాలా ఏళ్ల దాకా దాని గురించి ఆలోచించనక్కర్లేదు. దడి కోసమైతే రెండు మూడడుగుల ఎడంతో, విడి పొద కోసమైతే ఆరేడడుగుల ఎడంతో వేయాలి. ఎర్ర నేల, రాతి నేల, కాస్త చవుడు తగిలిన నేల కూడా ఒప్పుకుంటుంది, నీళ్లు నిలిచే నేలను ఒప్పుకోదు. ఎండ పూర్తిగా కావాలి, నీడలో పూత రాదు. మొదటి రెండు వేసవులు నీళ్లు పెట్టి బతికిస్తే చాలు. గింజ మొక్కల్లో కాయ రంగూ పరిమాణమూ ఒక్కో మొక్కకు ఒక్కో రకంగా వస్తాయి. దడికి అది వన్నే తెస్తుంది. ఒకే రకం కాయ కావాలనుకున్నవాళ్లు వానాకాలంలో మంచి కాపు చెట్టుకు గాలి అంటు కట్టించుకోవాలి. అడవిలోంచి పెద్ద మొక్కలను పెరికి తేవడం మాత్రం వద్దు. లోతుగా పోయిన వేరు తెగి అవి ఎలాగూ చస్తాయి, అక్కడి గుట్ట బోడి అవుతుంది.

మొక్క ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. శ్రావణంలో వాక్కాయల బండి ఆగినప్పుడు పచ్చడికి గట్టి కాయలు ఏరుకుంటారు కదా, గంప అడుగున నల్లగా మెత్తబడిన పండ్లు ఓ పిడికెడు కూడా అడిగి తీసుకోండి. అమ్మేవాళ్లు వాటికి పెద్దగా ధర కట్టరు. గుజ్జు కడిగి, గింజలను నీడలో ఒక పూట ఆరబెట్టి, ఆ వారంలోనే ఇసుక కలిపిన మట్టిలో అర అంగుళం లోతున నాటండి. వాక గింజ నిల్వ ఉండదు, వచ్చే ఏటికి దాచుకుంటే మొలవదు.